బొటనవేలి గోరు పైపులా చుట్టుకుపోతుంటే: ఆపరేషన్ ఎందుకు, ఎలా, ఎవరికి

నమస్తే అండీ. మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది కాబట్టి, మిగతావాళ్లకి కూడా తెలిసేలా ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మగారికి అరవై ఒక్క ఏళ్లు, ఖమ్మంలో ఉంటారు. కాళ్ల బొటనవేళ్ల గోళ్లు రెండూ కొన్నేళ్లుగా పక్కల నుంచి లోపలికి వంగిపోతున్నాయి, కుడికాలిది మరీ ఎక్కువ. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. రెండేళ్ల కిందట ఒకచోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గోరు మొత్తం పీకేశారు. మళ్లీ వచ్చిన గోరు ముందుకన్నా ఎక్కువ వంగింది. ఇప్పుడు ఇంకో డాక్టర్‌గారు గోరు అంచుల దగ్గర వేరు కాల్చాలి, కింద ఎముక కొంచెం చెక్కాలి, నెయిల్ బెడ్‌ని, అంటే గోరు కింద ఉండే మెత్తటి పొరని, పరిచి కుట్టాలి అన్నారు. అమ్మగారు షుగర్‌కి మాత్రలు వాడుతున్నారు. ఒక గోటికి ఎముక దాకా వెళ్లాలా, పూర్తిగా పీకేస్తే పోదా, తర్వాత తిరుమల మెట్లు ఎక్కగలరా అని అడిగారు.

నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. గోళ్ల ఆపరేషన్లు నా రోజువారీ పనిలో భాగం. ముందు సమాధానం చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. ఇంకోసారి గోరు పీకించకండి. రెండో డాక్టర్‌గారు చెప్పిన పద్ధతి సరైనదే, ఈ జబ్బుకి ప్రపంచమంతటా చేసే ఆపరేషన్లలో అదొకటి. అయితే అమ్మగారి కాలికి రక్తం ఎలా అందుతోందో, షుగర్ ఎంత అదుపులో ఉందో తెలియకుండా ఆ ఆపరేషన్‌కి ఒప్పుకోకండి. రక్తప్రసారం అంతంతమాత్రంగా ఉంటే అంతకంటే చిన్న పని ఇంకొకటి ఉంది, దాంతో కూడా నొప్పి పోతుంది.

ఈ జబ్బుని పిన్సర్ నెయిల్ అంటారు, అంటే పట్టకారు గోరు. 1968లో అమెరికాలో కార్నీలియస్, షెల్లీ అనే ఇద్దరు డాక్టర్లు ఆ పేరుతో దీన్ని వివరించారు. మన దగ్గర కాలిగోటికి ఏం వచ్చినా గోరుచుట్టు అనేసి, నిమ్మకాయ తొడిగి వదిలేస్తారు. గోరుచుట్టు అంటే గోరు పక్క చర్మంలో చీము పట్టడం. పిన్సర్ నెయిల్ అది కాదు. ఇన్‌గ్రోన్ నెయిల్ అని ఇంకొకటి ఉంది, ఎక్కువగా కుర్రవాళ్లలో చూస్తాం. అందులో గోరు ఆకారం మామూలుగానే ఉంటుంది, దాని అంచు పక్క కండలోకి దిగబడి ఎర్రటి పచ్చికండ పెరుగుతుంది. పిన్సర్ నెయిల్లో వంకరంతా గోటిదే. మొదట్లో వెడల్పుగా పుట్టి, కొనకి వచ్చేకొద్దీ రెండు అంచులూ దగ్గరపడుతూ కింది మెత్తటి భాగాన్ని పట్టి నొక్కేస్తుంది. కొందరిలో కొన దగ్గర రెండు అంచులూ దాదాపు కలిసిపోతాయి.

ఇంట్లోనే ఒక పని చేయండి. అమ్మగారిని కాళ్లు చాపుకుని కూర్చోబెట్టి, మీరు పాదం ఎదురుగా కింద కూర్చుని, వేలి కొన వైపు నుంచి సూటిగా చూడండి. పైనుంచి చూస్తే గోరు కొంచెం సన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది, అసలు వంపు ఎదురుగా చూస్తేనే కనబడుతుంది. గోరు మొదట్లో ఎంత వెడల్పుందో, కొన దగ్గర ఎంత వెడల్పుందో స్కేలుతో కొలిచి రాసుకోండి. కొన వెడల్పుని మొదటి వెడల్పుతో భాగించి వందతో హెచ్చవేస్తే వచ్చేదాన్ని విడ్త్ ఇండెక్స్ అంటారు. మొదట్లో 16 మి.మీ., కొనలో 8 మి.మీ. ఉంటే అది 50. గోరు కొన ఎత్తుని కొన వెడల్పుతో పోల్చేది హైట్ ఇండెక్స్. జపాన్‌లో కొసాకా అనే సర్జన్ బృందం ఈ కొలతల్ని బాగా వాడుకలోకి తెచ్చింది. ఆపరేషన్‌కి ముందు కొలత లేకపోతే ఏడాది తర్వాత బాగుపడిందా లేదా అన్నది ఎవరి అభిప్రాయం వారిదే అవుతుంది. అందుకే ఆ రెండు అంకెలూ ఫొటోతో సహా దాచుకోండి.

ఇక గోరు ఎందుకు వంగుతుంది? గోరు పుట్టేది మొదట్లో చర్మం కింద దాక్కుని ఉండే మాట్రిక్స్ దగ్గర. నేను వేరు అంటున్నది దాన్నే. అక్కడి నుంచి గోరు నెయిల్ బెడ్ మీదుగా ముందుకి జారుతూ వస్తుంది. నెయిల్ బెడ్ కింద మిగతా చర్మానికి ఉన్నట్టు కొవ్వు పొర ఉండదు, బెడ్ నేరుగా వేలి చివరి ఎముకకి అతుక్కుని ఉంటుంది. అందుకే గోరు ఆకారం చాలావరకు ఎముక ఆకారాన్ని బట్టి ఉంటుంది. వయసు పెరిగాక బొటనవేలి చివరి ఎముక మొదలు దగ్గర, కీలు పక్కన, చిన్న చిన్న ఎముక పెరుగుదలలు వస్తాయి. అవి మాట్రిక్స్‌ని పక్కలకి లాగి వెడల్పు చేస్తాయి. మొదట్లో గోరు చదును అయ్యేకొద్దీ కొన దగ్గర వంపు పెరుగుతుంది. జర్మనీకి చెందిన ఎకార్ట్ హానెకె అనే గోళ్ల నిపుణుడు ఈ సంగతి బాగా వివరించారు. మీకు చెప్పిన ఆపరేషన్ కూడా ప్రధానంగా ఆయన పద్ధతే.

వంగిన గోరు ఊరుకోదు. రెండు అంచులతో బెడ్‌ని పట్టుకుని పైకి లాగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలా లాగితే బెడ్ కింద ఎముక కొన మీద కొక్కెంలాంటి ముక్క పెరుగుతుంది. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో అది స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు పైన గోరు, కింద ఆ ఎముక ముక్క, మధ్యలో బెడ్. దుప్పటి తగిలితే అమ్మగారు అరవడంలో అతిశయోక్తి ఏమీ లేదు. వేలికి దెబ్బ తగిలితే గోరు కింద రక్తం గడ్డకట్టి ఎంత సలుపుతుందో అందరికీ తెలుసు. ఈ జబ్బులో ఆ నొక్కుడు రోజంతా ఉంటుంది. "ఇంత చిన్న గోటికి ఇంత గోలేంటి" అని ఇంట్లో ఎవరైనా అంటుంటే దయచేసి ఆపించండి. ఆ మాట విని విని నొప్పి దాచుకుని ఏళ్ల తర్వాత వచ్చే ఆడవాళ్లని నేను చూస్తూనే ఉంటాను.

రెండు కాళ్లకీ ఒకేలా వచ్చి, ఇంట్లో ఇంకొందరికి కూడా ఉంటే అది వంశపారంపర్యం కావచ్చు. బిగుతు బూట్లు, సోరియాసిస్, గోటి ఫంగస్, ఎముక మీద గడ్డ, చేతివేళ్లలో అయితే కీళ్ల అరుగుదల, ఇవన్నీ కారణాలే. బీపీకి వాడే బీటా బ్లాకర్ మాత్రలతో వచ్చిన కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. అది చదివి బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌ని అడగండి. ఒక్క వేలి గోరు మాత్రమే కొత్తగా వంగుతుంటే నేను వెంటనే ఎక్స్‌రే తీయిస్తాను, కింద గడ్డ ఉందేమో అని.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. మంచానపడి నడవలేనివాళ్లలో గోళ్లు బాగా వంగిపోతాయి. జపాన్‌లో సానో, ఒగావా అనే డాక్టర్లు దీనిమీద పనిచేశారు. గోటికి సహజంగానే లోపలికి వంగే గుణం ఉంది, నడిచేటప్పుడు నేల నుంచి వేలి కింది కండ మీదుగా వచ్చే ఒత్తిడి ఆ వంపుని ఆపుతూ ఉంటుంది, ఆ ఒత్తిడి లేకపోతే గోరు దాని ఇష్టం వచ్చినట్టు వంగుతుంది అని వాళ్ల వివరణ. అమ్మగారు నొప్పి భయంతో బొటనవేలు పైకెత్తి, పాదం బయటి అంచు మీద నడుస్తున్నారని మీరే రాశారు. ఆ నడక గోటికి ఇంకా చెడుపు చేస్తోంది.

పీకించిన గోరు ముందుకన్నా ఎక్కువ వంగి ఎందుకొచ్చిందో కూడా చెబుతాను. గోరు పీకితే వేరు అలాగే ఉంటుంది, ఎముక అలాగే ఉంటుంది, పక్కలకి పరచాల్సిన బెడ్ అలా ముడుచుకునే ఉంటుంది. పైగా బెడ్ మీద కొన్ని నెలలపాటు గోరు లేకపోవడంతో అది ఇంకా కుంచించుకుపోతుంది, వేలి కొన కండ పైకి లేస్తుంది. కొత్త గోరు ఆ ఇరుకులోకే వచ్చి ఇరుక్కుంటుంది. మూడు నాలుగు నెలలు హాయిగా ఉంటుంది కాబట్టి చేయించుకున్నవాళ్లకి మొదట నయమైనట్టే అనిపిస్తుంది. లోపల చీము పట్టి అత్యవసరంగా బయటికి పంపాల్సివస్తే కొంత గోరు తీయడం వేరే సంగతి. వంకరకి మందుగా గోరు పీకడాన్ని మాత్రం నేను సమర్థించను.

ఆపరేషన్ మాటకి ముందు చూడాల్సినవి. షుగర్ ఉన్న మనిషి కాలి మీద కత్తి పెట్టేముందు పాదం మీద, చీలమండ వెనక నాడి చేత్తో పట్టుకుని చూడాలి. ఏబీఐ అని ఒక పరీక్ష ఉంది, చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోలుస్తారు. 0.9 కన్నా తక్కువ వస్తే కాలి రక్తనాళాల్లో ఇబ్బంది ఉన్నట్టు. షుగర్ పాతదైతే రక్తనాళాలు గట్టిపడి ఈ అంకె అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. 1.4 దాటితే మురిసిపోకూడదు, బొటనవేలి బీపీ విడిగా చూడాలి. గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించండి. మోనోఫిలమెంట్ అనే సన్నటి దారంతో అరికాలి స్పర్శ చూస్తారు, నిమిషంలో అయిపోతుంది. పక్క నుంచి తీసిన బొటనవేలి ఎక్స్‌రే తప్పనిసరి. గోరు పసుపుపచ్చగా మందంగా, కింద పిండిలా ఉంటే ఫంగస్ పరీక్షకి పంపాలి, లేకపోతే ఆపరేషన్ బాగా జరిగినా కొత్త గోరు చెడిపోయే వస్తుంది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే రోజు పాదాలకి పసుపు రాయొద్దని అమ్మగారికి చెప్పండి. గోళ్లకి గోరింటాకు, పాలిష్ కూడా వద్దు. వేలి రంగు చూసే మేం రక్తప్రసారం అంచనా వేస్తాం. పక్క వేలికి మెట్టె ఉంటుంది, ఆపరేషన్ రోజు అది తీయాల్సిందే. వేలు వాస్తే తర్వాత మెట్టెని కోయాల్సి వస్తుంది. తీయడానికి పెద్దవాళ్లు మనసొప్పరు. ముందురోజు ఇంట్లో సబ్బునీళ్లతో నెమ్మదిగా మీరే తీసి జాగ్రత్త చేయండి, కట్టు విప్పాక మళ్లీ పెట్టుకుంటారని చెప్పండి. ఆపరేషన్ బల్ల మీద కటింగ్ ప్లేయర్ చూపించి ఒప్పించడం కన్నా అది ఎంతో మేలు.

ఆపరేషన్ లేకుండా కుదరదా అంటే, కొంతమందికి కుదురుతుంది. గోరుకి అంటించే ప్లాస్టిక్ పట్టీలు, అంచులకి తగిలించే స్టీల్ తీగలు, ఆకారం గుర్తుంచుకునే లోహంతో చేసిన క్లిప్పులు ఉన్నాయి. స్ప్రింగులా నిదానంగా గోటిని తెరుస్తాయి. 40 శాతం యూరియా పూసి గోటిని మెత్తబరచి, పైనుంచి ఆకురాయిలాంటి బర్‌తో పలచబరిచి ఆ క్లిప్పు వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. నొప్పి కొద్ది రోజుల్లోనే తగ్గడం ఈ పద్ధతిలో పెద్ద లాభం. నెలల తరబడి వేసుకోవాలి, తీసేశాక చాలామందిలో వంపు మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఎముక, వేరు మారలేదు. గోటి పని తెలిసినవాళ్లు హైదరాబాద్, విజయవాడ, విశాఖలాంటి చోట్ల దొరుకుతారు కానీ ఊళ్లలో కష్టం. వంపు తక్కువగా ఉండి, ఎక్స్‌రేలో కొక్కెం లేకపోతే నేను ముందు ఇదే చెబుతాను. కాలికి రక్తప్రసారం బాగా లేనివాళ్లకి కూడా ఇదే. బ్యూటీ పార్లర్‌లో పెడిక్యూర్ చేసే అమ్మాయితో గోరు మూలలు తొలిపించుకోవడం మాత్రం షుగర్ ఉన్నవాళ్లు అసలు చేయకూడదు.

ఇక మీ డాక్టర్‌గారు చెప్పిన ఆపరేషన్. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. అమ్మగారికి పూర్తి మత్తు అక్కర్లేదు. బొటనవేలి మొదట్లో రెండు పక్కలా లిగ్నోకెయిన్ అనే మత్తుమందు ఇస్తే వేలు మొద్దుబారుతుంది. ఆ ఇంజెక్షన్ మాత్రం నొప్పే, నెమ్మదిగా ఇస్తే ఓర్చుకోగలరు. తర్వాత వేలి మొదట్లో రబ్బరు పట్టీ బిగించి రక్తం ఆపుతారు. ఈ పట్టీ గురించి ఒక మాట. ఆపరేషన్ అయ్యాక కట్టు కట్టే తొందరలో దాన్ని తీయడం మరిచిపోయి వేళ్లు నల్లబడిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. అందుకే దానికి ఒక ఫోర్సెప్స్ తగిలించి ఉంచుతాం, చివర్లో తీసినట్టు నర్సు పైకి చెప్పేదాకా కట్టు మొదలుపెట్టం. మీరు కూడా బయటికి రాగానే "పట్టీ తీశారా అండీ" అని అడగొచ్చు. ఏ డాక్టరూ ఏమీ అనుకోరు, అనుకోకూడదు కూడా.

మొదట గోటి రెండు అంచుల నుంచి సన్నటి చీలికలు మొదలుదాకా తీస్తారు. అలా తీసిన చోట వేరు కొమ్ములు, అంటే వేరు రెండు పక్క మూలలు, బయటపడతాయి. వాటిని కాల్చడానికి 88 శాతం ఫినాల్ అనే రసాయనం పెడతారు. చిన్న దూదిపుల్లని ముంచి, ఎక్కువున్నది పిండేసి, ఆ సందులోకి దూర్చి తిప్పుతారు. రక్తం ఉంటే ఫినాల్ పలచబడి పనిచేయదు కాబట్టి చోటు పొడిగా ఉండాలి. కండ తెల్లగా మారుతుంది, పాత ఆసుపత్రి వాసన గదంతా వస్తుంది. మూడు నిమిషాల లోపు ఆ పని అయిపోతుంది. ఆ కొమ్ముల నుంచి ఇక గోరు పుట్టదు. అంటే గోరు జీవితాంతం కొంచెం సన్నగా ఉంటుంది, కానీ పక్కలకి దిగే అంచు ఉండదు. చాలామందికి ఈ ఒక్క మెట్టుతోనే నొప్పి పోతుంది. నేను మొదట్లో చెప్పిన "చిన్న పని" ఇదే.

ఎముక కొక్కెం ఉన్నప్పుడు రెండో మెట్టు. గోటి ముందు మూడింట రెండొంతులు తీసేస్తారు, వెనక భాగాన్ని కదపరు. అప్పుడు బెడ్ కనబడుతుంది. చీర కుచ్చిళ్ళలా ముడుచుకుని, మధ్యలో దిబ్బలా లేచి ఉంటుంది. దాన్ని నిలువుగా మధ్యలో ఎముక దాకా కోసి, అటూ ఇటూ ఎముక మీద నుంచి విడదీస్తారు. కింద ఆ తెల్లటి కొక్కెం మొత్తం కంటికి కనిపిస్తుంది. రోంజర్ అనే పనిముట్టుతో దాన్ని కొరికి తీసి, వేలితో తడిమి నున్నగా ఉందో లేదో చూసుకుంటారు. మొత్తం ఎముకలో తీసేది కొంచెమే, వేలు పొట్టి కాదు. ఎముక చెక్కడం అంటే మీకు భయం వేసింది కదా, అంతా ఇంతే. తర్వాత బెడ్‌ని చదునైన ఎముక మీద పరిచి, 6-0 అనే చాలా సన్నటి కరిగే దారంతో కుడతారు.

చివరి మెట్టుని కొందరు వదిలేస్తారు, అది వదిలేస్తే ఫలితం దెబ్బతింటుంది. బెడ్ మళ్లీ ముడుచుకోకుండా గోరు పక్క సందుల్లో రెండు సన్నటి రబ్బరు గొట్టాలు పెట్టి, వేలి కింది వైపు నుంచి దారాలు కట్టి పక్క కండల్ని బయటికి లాగి ఉంచాలి. 18 నుంచి 21 రోజులు అలా ఉంచుతారు. వారానికే తీసేస్తే కండ మళ్లీ మూసుకుని బెడ్‌ని నొక్కుతుంది. డాక్టర్‌గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: పరిచిన బెడ్‌ని అలాగే నిలబెట్టడానికి ఏం పెడతారు, ఎన్నాళ్లు ఉంచుతారు?

వేరే పద్ధతులు కూడా ఉన్నాయి. అమెరికాలో ఎల్విన్ జూక్ బృందం 2000లో ప్రచురించిన పద్ధతిలో, గజ్జల్లాంటి చోటు నుంచి తీసిన చర్మపు లోపలి పొరని బెడ్ పక్క అంచుల కింద సొరంగంలా చేసి దూర్చి, అంచుల్ని పైకి లేపుతారు. గోరు వెడల్పు తగ్గదు కాబట్టి చేతివేళ్లకి, అందం ముఖ్యమనుకునేవాళ్లకి మంచిది. కాలిగోటి కోసం ఒంటి మీద ఇంకోచోట గాయం చేయడం షుగర్ ఉన్న మనిషికి అనవసరం అని నా అభిప్రాయం. కొసాకా బృందం వేలి కొన చర్మాన్ని చేపనోరులా కోసి, బెడ్‌ని రంపపు పళ్ల ఆకారంలో కత్తిరించి వెడల్పు చేస్తుంది. చేతి పనితనం ఎక్కువ కావాలి, బాగా చేసినవాళ్ల ఫలితాలు చాలా బాగుంటాయి. వేరు మొత్తం తీసేసి గోరే లేకుండా చేసే జాడిక్ ఆపరేషన్ 1950 నాటిది. గోరు మందంగా, పూర్తిగా పాడైపోయి, రెండు మూడు సార్లు వైద్యం చేసినా తిరగబెట్టిన వృద్ధులకి అదొక దారి. గోరు లేకపోయినా నడకకి ఇబ్బంది ఉండదు. అమ్మగారికి ఇప్పుడే అంత దూరం అక్కర్లేదు.

అమ్మగారి విషయంలో నా మాట ఇది. నాడి బాగా తగులుతూ, ఏబీఐ సరిగ్గా ఉండి, షుగర్ అదుపులో ఉంటే, ఎక్స్‌రేలో కొక్కెం కనిపిస్తే, పూర్తి ఆపరేషన్ చేయించండి, కుడికాలికి ముందు. రెండు కాళ్లూ ఒకేసారి వద్దు. బాత్రూమ్‌కి వెళ్లడానికైనా ఒక కాలు మంచిది ఉండాలి, పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. రక్తప్రసారం మధ్యస్తంగా ఉంటే అంచులకి ఫినాల్ ఒక్కటే చేయించి ఆగండి. రక్తం బాగా తక్కువైతే ఏ కోతా వద్దు, ముందు వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టర్) దగ్గరికి. షుగర్ ఎక్కువుందని తెలిసీ "గోటికే కదా" అని చేసేస్తే ఎముకకి ఇన్ఫెక్షన్ పట్టి వేలే పోయే ప్రమాదం ఉంటుంది. కొన్ని వారాలు ఆగి షుగర్ దారికి తెచ్చుకోవడం వల్ల గోటికి నష్టమేమీ లేదు. ఆస్పిరిన్‌లాంటి మాత్రలు వాడుతుంటే మాములుగా ఈ ఆపరేషన్‌కి ఆపం, అయినా ముందే చెప్పండి.

తర్వాత సంగతులు. మొదటి రెండు రోజులు కాలు గుండె కన్నా ఎత్తులో, రెండు దిండ్ల మీద. మొదటి రాత్రి సలుపు ఎక్కువగా ఉంటుంది, మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేయండి. ఫినాల్ పెట్టిన చోట రెండు మూడు వారాలు, కొందరికి ఆరు వారాల దాకా పలచటి రసి కారుతుంది. చాలామంది అది చీము అనుకుని కంగారుపడి యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ వేస్తారు. రసి పలచగా, వాసన లేకుండా, ఎరుపు పెరగకుండా ఉంటే అది కాలిన చోటు మానుతోందనే. డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి, మెత్తగా అద్ది, గాజుగుడ్డ మార్చండి. నీళ్ల వేడి మీ చేత్తో చూడండి, అమ్మగారి కాలితో కాదు. షుగర్ ఉన్న పాదానికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. పసుపు, కొబ్బరినూనె, నిమ్మకాయ, ఏవీ గాయం మీద పెట్టొద్దు. వేలు నీలంగా లేదా నల్లగా మారినా, ఎరుపు పాదం మీదకి పాకినా, చలిజ్వరం వచ్చినా, మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకపోగా పెరిగినా అదే రోజు చూపించాలి.

కాలిగోరు నెలకి ఒకటి, ఒకటిన్నర మి.మీ. మాత్రమే పెరుగుతుంది. పూర్తి గోరు రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. మూడో నెలలో చూసి "ఇంకా గోరు రాలేదు, పాడైంది" అని ఫోన్ చేస్తారు, పాడవలేదు. ఆపరేషన్ బాగా జరిగినా కొందరిలో వంపు కొంత తిరిగొస్తుంది. ఫినాల్ తగలని వేరు మిగిలితే పక్కన చిన్న ముల్లులా గోరు పొడుచుకొస్తుంది, దాన్ని తేలిగ్గా సరిచేయొచ్చు. వేలి కొన కొన్ని నెలలు తిమ్మిరిగా ఉండొచ్చు. ఇవన్నీ ముందే చెప్పే డాక్టర్‌ని నమ్మండి.

తిరుమల గురించి. అలిపిరి దారిలో మెట్లు దాదాపు 3550. ఆ మొక్కు తీర్చుకోవద్దని నేను చెప్పను, కానీ గాయం పూర్తిగా మాని, కొత్త చర్మం గట్టిపడి, అమ్మగారు రోజూ అరగంట నొప్పి లేకుండా నడవగలిగాకే. షుగర్ వల్ల అరికాలి స్పర్శ తగ్గిందని పరీక్షలో తేలితే చెప్పుల్లేకుండా ఎక్కడం ఎప్పటికీ మంచిది కాదు, బస్సులో వెళ్లి దర్శనం చేసుకోమనండి. దీక్షలో చెప్పుల్లేకుండా తిరిగి, తెలియకుండా ముల్లు గుచ్చుకుని పుండుతో వచ్చే షుగర్ పేషెంట్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మామూలు రోజుల్లో కూడా బొటనవేలు దూర్చే చెప్పులు మాన్పించి, ముందు వెడల్పుగా ఉండి వెనక పట్టీ ఉన్నవి కొనండి. గాయం మానాక మాత్రం బొటనవేలు నేలకి ఆనించి నడవమని పదే పదే గుర్తుచేయండి. పైన చెప్పినట్టు, కొత్త గోటిని చదునుగా ఉంచేది ఆ ఒత్తిడే. గోళ్లు కత్తిరించేటప్పుడు మూలలు గుండ్రంగా లోపలికి కోయకుండా, అడ్డంగా నేరుగా తీయాలి.

ఎక్స్‌రే, ఏబీఐ, హెచ్‌బీఏ1సీ వచ్చాక, వేలి కొన వైపు నుంచి తీసిన ఫొటోతో కలిపి పెట్టండి, చూసి రాస్తాను. ఎడమకాలి గోరు ఇంకా నొప్పి లేదన్నారు కాబట్టి దాన్ని ప్రస్తుతానికి కదపకండి. మూడు నెలలకోసారి స్కేలుతో కొలవండి. విడ్త్ ఇండెక్స్ తగ్గుతూ పోతుంటే, నొప్పి మొదలవకముందే దానికి క్లిప్పు వేయించవచ్చు.